ఈ ఇంట్లో నీళ్ళు ఎవరు మోసేవారు?

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇంటిని ఇప్పటికీ చూడొచ్చు. ప్రభుత్వం దాన్ని కాపాడి మ్యూజియం చేసింది. 1881 డిసెంబరు 11న ఆ ఊళ్ళో, ఆయన పూనికతో తొలి వితంతు వివాహం జరిగిందని స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ కాలాన్ని మన కళ్ళకు కట్టించేది ఆ తేదీ ఒక్కటే కాదు. ఊరు ఎదురు తిరిగిన రోజుల్లో ఆ ఇంటికి వంటవాళ్ళు రావడం మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ బిందె పట్టుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారు, వంట తనే చేశారు. పెళ్ళికి ఎవరైనా అడ్డొస్తారేమోనని విద్యార్థులు కాపలా కాశారు. ఈ సంగతులు తెలిశాక ఆ గడప మీద కాలు పెడితే అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఇవన్నీ మనదాకా ఎలా వచ్చాయి? రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టి. వీరేశలింగం స్వీయచరిత్ర రాసుకున్నారు. ఆయన శిష్యులు, స్నేహితులు, చివరికి ఆయన్ని వ్యతిరేకించినవాళ్ళు కూడా రాశారు.

మీ వీధిలో ఆత్మకథ రాసుకున్నవాళ్ళు ఉండకపోవచ్చు. ఇళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ ఇళ్ళలో పుట్టి, పెరిగి, అద్దెకుండి, పనిచేసి, వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ మీకు ఎదురుపడుతూనే ఉంటారు. వాళ్ళ కథను నిలబెట్టడానికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. ఫోను, నోటుబుక్కు, టేపు, ఓపిగ్గా వినే మనసు ఉంటే సరిపోతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంటి చరిత్ర యజమాని పేరుతో మొదలుపెట్టకండి. ఆ ఇంటిని రోజూ నడిపించిన పనులతో మొదలుపెట్టండి. నీళ్ళు ఎవరు మోశారో కనుక్కుంటే మిగతా కథంతా దాని వెంటే వస్తుంది.

ముందు ఒక్క వీధి చాలు

ఊరంతా రాయాలనుకున్నవాళ్ళు ఏమీ రాయలేక ఆగిపోతారు. కాబట్టి ఒక వీధి తీసుకోండి, అందులోనూ ఒక వైపు. ఇరవై ఇళ్ళు మించొద్దు. ఒక తెల్లకాగితం మీద వీధి గీసి, ప్రతి ఇంటికీ ఒక గడి వేసి, గడిలో మూడు విషయాలు రాయండి: ఇప్పటి డోర్ నంబరు, పాత నంబరు, వీధిలో ఆ ఇంటిని జనం పిలిచే పేరు. మునిసిపాలిటీ లెక్కల్లో నంబర్లు మారిపోతాయి. "డాక్టరుగారిల్లు", "మేడ మీద స్కూలు", "కంసాలి వారి మండువా" వంటి పేర్లు మాత్రం యాభై ఏళ్ళయినా మారవు. డాక్టరుగారు పోయి చాలాకాలమైనా, ఆ ఇంట్లో ఇప్పుడు ఫైనాన్స్ ఆఫీసు నడుస్తున్నా, ఆటో అతనికి మీరు చెప్పేది ఆ పేరే. మొట్టమొదట రాసుకోవాల్సిన చరిత్ర అదే.

ఒంటరిగా వెళ్ళకండి. పాతపేటల్లో కొత్తముఖం కనిపించగానే వచ్చే మొదటి అనుమానం "స్థలం బేరానికి వచ్చారా?" అని. పెద్దవాళ్ళు నోరు విప్పకపోవడానికి సగం కారణం ఇదే. వీధిలో అందరికీ తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్ళండి: రిటైరైన పోస్ట్‌మాన్, బడి టీచరు, గుడి పూజారి, మసీదు పెద్ద, ఇస్త్రీ బండి ఆయన, ఎవరైనా సరే. ముఖ్యంగా పోస్ట్‌మాన్‌. ఎవరి కొడుకు ఏ ఊరినుంచి మనియార్డరు పంపేవాడో, ఏ ఇంటికి ఉత్తరాలు రావడం ఎప్పుడు ఆగిపోయిందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఎలా అడగాలి

"మీ ఇంటి చరిత్ర చెప్పండి" అని అడిగితే, "ఏముంది బాబూ, మామూలిల్లే" అంటారు. అది వినయం మాత్రమే అనుకోకండి. తమ బతుకు చరిత్ర అవుతుందని వాళ్ళకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అందుకే పెద్ద ప్రశ్న వద్దు. చేత్తో ముట్టుకోగలిగే వస్తువు గురించి అడగండి.

"మామ్మగారూ, అప్పట్లో ఈ ఇంటికి నీళ్ళు ఎక్కడినుంచి వచ్చేవండీ?"

"తాగడానికి గోదారి నీళ్ళే. కావిడి మీద తెచ్చి పోసేవాడు. వాడకానికి నుయ్యి."

"నుయ్యి మీదేనా?"

"సగం మాది, సగం పక్కింటివాళ్ళది. మధ్యలో గోడ కట్టారుగా, అటువైపు గిలక వాళ్ళది, ఇటువైపుది మాది."

చూశారా? రెండు ప్రశ్నల్లో కావిడి మోసిన మనిషి, పొరుగు ఇల్లు, ఉమ్మడి ఆస్తి, పంపకం, గోడ అన్నీ వచ్చేశాయి. ఇక మీరు ఒక్కో దారం పట్టుకుని లాగితే చాలు. ఆ మనిషి పేరేమిటి, ఏ పేటనుంచి వచ్చేవాడు, నెలకు ఏమిచ్చేవారు, కుళాయి వచ్చాక ఏం పని చేశాడు?

ఇలాంటి ప్రశ్నలు కొన్ని రాసుకుని వెళ్ళండి:

- మొదటి కరెంటు బల్బు ఏ గదిలో వెలిగింది? అంతకు ముందు లాంతర్లు ఎవరు తుడిచేవారు?
- పొయ్యి ఎక్కడుండేది? గ్యాస్ వచ్చాక ఆ చోటు ఏమైంది?
- వేసవిలో ఎవరు ఎక్కడ పడుకునేవారు?
- పురుళ్ళు ఏ గదిలో జరిగేవి? మంత్రసాని ఎవరు?
- ఇంట్లో ఎన్ని వాటాలు? అద్దెకున్నవాళ్ళు ఎవరు, ఏ ఊరినుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు?
- వీధి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు?
- వరదొచ్చినప్పుడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయి? గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారా?

ఒక కాగితం, పెన్సిలు వాళ్ళ చేతికే ఇచ్చి ఇంటి నక్షా గీయమనడం అన్నిటికంటే మంచి పద్ధతి. గీత వంకరైనా పరవాలేదు. "ఇక్కడ రుబ్బురోలు, ఇక్కడ ధాన్యం గాదె, ఇదిగో ఈ మూల మా ఆడపడుచు కూర్చుని ఏడ్చేది" అంటూ వేలు కదిలినకొద్దీ మాట కదులుతుంది. గదుల కొలతలు తర్వాత మీరు టేపుతో తీసుకోవచ్చు. ఆ గదుల్లో మనుషుల్ని నిలబెట్టగలిగేది ఆ వేలే.

మధ్యాహ్నం భోజనాలై, కునుకు తీసి లేచిన వేళ వెళ్ళండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డు చేయండి. ఫ్యాను గాలి నేరుగా తగలని చోట, మాట్లాడేవారికి మూరెడు దూరంలో పెట్టండి. మొదట్లోనే పేరు, తేదీ, ఇంటి నంబరు మీ గొంతుతో చెప్పండి. గంట దాటితే ఆపేయండి. రెండోసారి వెళ్ళినప్పుడే అసలు మాటలు వస్తాయి. మొదటిసారి మీరు వెళ్ళొచ్చాక వాళ్ళు రాత్రంతా ఆ రోజులే తలచుకుని ఉంటారు.

ఏడు తెలియకపోతే ఎలా?

పెద్దవాళ్ళు ఇంగ్లీషు సంవత్సరాలు చెప్పరు. "పెద్ద వరదొచ్చిన ఏడు", "పుష్కరాలకి ముందు", "పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు" అంటారు. అవి పక్కా ఆనవాళ్ళు. వాటిని తేదీలుగా మార్చే పని మీది. ఊరికి సంబంధించిన సంఘటనల పట్టిక ఒకటి తయారుచేసుకుని నోటుబుక్కు మొదటి పేజీలో అంటించుకోండి.

రాజమహేంద్రవరం పట్టిక ఇలా ఉంటుంది. గోదావరి పెద్ద వరదలు 1953లో, 1986లో. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి: 1979, 1991, 2003, 2015. పాత రైలు వంతెన, అదే హేవలాక్ వంతెన, 1900లో మొదలై 1997లో ఆగింది. ఏటి అవతలి కొవ్వూరుకు రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. కాబట్టి ఎవరైనా "కొవ్వూరు సంబంధం, పెళ్ళివారు బస్సులో నేరుగా ఇంటి ముందే దిగారు" అంటే 1974 తర్వాత అనీ, "పంటు మీద వచ్చారు" అంటే అంతకు ముందే అయ్యుండొచ్చనీ ఒక అంచనాకు రావచ్చు. విశాఖపట్నం, కాకినాడల్లో అయితే 1942 ఏప్రిల్ 6న పడ్డ జపాను బాంబులు గట్టి గుర్తు. ఇల్లు తాళం వేసుకుని పల్లెకు పోయిన కుటుంబాల కథలు అక్కడ దొరుకుతాయి. హైదరాబాదు పాత ఇళ్ళకు 1908 మూసీ వరద, 1948 పోలీసు చర్య గీటురాళ్ళు.

పాత శుభలేఖలు చేతికొస్తే తెలుగు సంవత్సరం పేరు చూడండి. అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఉండాలి. "విజయ" అని ఉంటే 1953-54 కావచ్చు, 2013-14 కావచ్చు. కాగితం, అచ్చు, ప్రెస్సు పేరు చూసి తేల్చుకోవచ్చు. పెళ్ళి ఏ ఇంట జరిగిందో డోర్ నంబరుతో సహా శుభలేఖలో ఉంటుంది. ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఇంట్లో ఇంకొకటి ఉండదు.

దస్తావేజులో నాలుగు దిక్కులు

మాట తర్వాత కాగితం. పాత క్రయ దస్తావేజు తెరిచి ఆఖరి పేజీలో షెడ్యూలు చూడండి. హద్దులు ఇలా ఉంటాయి: తూర్పు మునిసిపాలిటీ రోడ్డు, దక్షిణం ఫలానా వారి పెంకుటిల్లు, ఉమ్మడి గోడ, పడమర ఫలానా వారి దొడ్డి, ఉత్తరం సందు, అందులో నడక హక్కు. నూతిలో సగం వాటా, మామిడిచెట్టు ఫలసాయం కూడా కొన్నిటిలో రాసి ఉంటాయి. అంటే ఒక ఇంటి దస్తావేజు ఆ నాటి ఇరుగుపొరుగు పేర్లన్నీ చెప్పేస్తుంది. ఒకే వరసలో నాలుగైదు ఇళ్ళ దస్తావేజులు పక్కపక్కన పెట్టండి. ఒకదాని దక్షిణం ఇంకొకదాని ఉత్తరానికి అతుక్కుంటుంది. ఆ కాలం నాటి వీధి మొత్తం కాగితం మీద లేచి నిలబడుతుంది.

ఇంట్లో దస్తావేజు లేదంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి లావాదేవీలు నమోదయ్యే ఒకటో నంబరు పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ముందుగా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఏ ఏడు, ఏ నంబరు దస్తావేజు అడగాలో తెలుస్తుంది.

ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. దస్తావేజు అంటే ఆస్తి, ఆస్తి అంటే పంపకాలు, పంపకాలంటే చాలా ఇళ్ళలో ఇంకా మానని గాయం. మొదటిరోజే కాగితాలు అడగకండి. వాళ్ళే తెచ్చి చూపించే దాకా ఆగండి. హద్దులున్న పేజీ వరకే ఫొటో తీసుకోండి. సొమ్ము, వాటాల వివరాలు మీకు అక్కర్లేదు.

దొడ్డి గుమ్మం దాటి వెళ్ళండి

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. పాతపేట కథ అనగానే మనకు వినిపించేవి వీధి గుమ్మం కథలు: వకీళ్ళు, జమీందార్లు, డాక్టర్లు, కవులు. కానీ ఆ ఇళ్ళన్నిటికీ దొడ్డి గుమ్మం ఉండేది. దాని వెనక సన్నని సందు. పారిశుద్ధ్యం పని చేసేవాళ్ళు, చాకలి, పేడ తెచ్చే మనిషి, పాత్రలు తోమే అమ్మాయి అటునుంచే వచ్చి అటే వెళ్ళేవారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది 1993లో. అంటే ఆ సందుల్లో నడిచినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళకు ఆ పేటలోని ప్రతి ఇంటి పెరడూ తెలుసు. ఏ ఇల్లాలు పండగనాడు పిలిచి పిండివంట పెట్టిందో, ఏ ఇంట్లో నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారో తెలుసు.

వాళ్ళ మాట లేకుండా రాసిన పేట చరిత్ర సగం చరిత్రే. అందుకే నియమం పెట్టుకోండి. వీధి గుమ్మంనుంచి ఒకరిని కలిస్తే, దొడ్డి గుమ్మంనుంచి వచ్చినవాళ్ళలో ఒకరిని కలవాలి. వాళ్ళను యజమాని ఇంట్లో, యజమాని ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. వాళ్ళింటికి మీరే వెళ్ళండి. పేరు పెట్టి, "గారు" చేర్చి పిలవండి. వాళ్ళ మాటల్ని వాళ్ళ యాసలోనే రాయండి, దిద్దకండి.

అద్దెకున్నవాళ్ళు కూడా ఇంతే. సొంతదారుడు ఇంటిని ఆస్తిగా గుర్తుపెట్టుకుంటాడు. అద్దెకున్న మనిషి ఆ వాటాలో కాపురం మొదలుపెట్టిన రోజును గుర్తుపెట్టుకుంటాడు. బదిలీల మీద వచ్చిన గుమాస్తాలు, కాలేజీ చదువుకు గది తీసుకున్న పిల్లలు, భర్త పోయాక కుట్టుమిషను పెట్టుకుని పిల్లల్ని పెంచిన తల్లులు. చరిత్రలో వీళ్ళ పేరు ఎక్కడా ఉండదు. మీ నోటుబుక్కులోనైనా ఉండాలి.

ఇల్లు నిలబడి ఉండగానే

"ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం" అన్న మాట చెవిన పడితే ఆ వారమే వెళ్ళండి. ఇవ్వడం వాళ్ళ అవసరం. నలుగురు అన్నదమ్ములకు ఒక పెంకుటిల్లు చాలదు, వానాకాలం కారే కప్పు బాగుచేయించాలంటే పనివాళ్ళు దొరకరు, గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. వాళ్ళను తప్పుపట్టకండి. కూల్చే ముందు ఒక్క రోజు అడగండి, చాలు. మనస్ఫూర్తిగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

ఆ ఒక్క రోజులో చేయాల్సినవి: వీధిలోంచి ఇంటి ముఖం, నాలుగు దిక్కులనుంచి ఫొటోలు, ప్రతి గదిలో ఒక మూలనుంచి ఎదురు మూలకు ఒకటి, ద్వారబంధం చెక్కడం, గొళ్ళెం, దూలం, స్తంభం, అటక మెట్లు దగ్గరగా. పెంకు ఒకటి దింపి వెనక్కి తిప్పి చూడండి. మంగళూరు రకం పెంకుల మీద కంపెనీ ముద్ర ఉంటుంది, ఇంటి వయసు తేల్చడానికి అది పనికొస్తుంది. గోడ మీద పిల్లల ఎత్తు గీసిన పెన్సిలు గీతలు, తలుపు వెనక సుద్దతో వేసిన పాలలెక్క, పూజగదిలో మసిబారిన గూడు, ఇవి తప్పక తీయండి. టేపుతో గదుల కొలతలు తీసి నక్షా గీయండి, ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. వీలైతే ఆ ఇంట్లో పుట్టినవాళ్ళను పిలిపించి ఒక్కో గదిలో నడుస్తూ మాట్లాడమనండి, వెనకే వీడియో తీయండి.

దాచడం, తిరిగి ఇవ్వడం

ప్రతి రికార్డింగుకూ తేదీ, వీధి, ఇంటి నంబరు, మాట్లాడినవారి పేరు వచ్చేలా ఫైలు పేరు పెట్టండి. ఆ రాత్రే మూడు చోట్ల దాచండి: మీ కంప్యూటరులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర ఒకటి. ముఖ్యమైన మాటలు కాగితం మీద రాసి ప్రింటు తీయండి. ఫోన్లు మారిపోతాయి, కాగితం ఉంటుంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల్ని ఇన్నేళ్ళు దాచబట్టే ఈనాటికీ పరిశోధకులు ఆ చిన్న ఊరికి వెతుక్కుంటూ వెళ్తున్నారు. మీ ఊరి గ్రంథాలయానికి ఒక ప్రతి ఇచ్చి రశీదు తీసుకోండి.

ప్రతి ఒక్కరినీ స్పష్టంగా అడగండి: ఏది పదిమందికీ చెప్పొచ్చు, ఏది తమ తదనంతరమే చెప్పాలి, ఏది ఎప్పుడూ చెప్పకూడదు? జవాబును రికార్డింగు చివర వాళ్ళ గొంతుతోనే చెప్పించండి. ఆ మాటకు కట్టుబడండి. ఒక్కసారి మాట తప్పితే వీధి మొత్తం తలుపులు మూసుకుంటుంది.

తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. రాసిన నాలుగు పేజీలు అందంగా ప్రింటు తీసి, ఫొటోతో సహా ముందు ఆ ఇంటివాళ్ళకు ఇవ్వండి. అమెరికాలో ఉన్న మనవడికి వాట్సాప్‌లో ఆడియో పంపండి. పేట పిల్లల్ని పోగుచేసి ఒక ఆదివారం ఉదయం వీధిలో నడిపించండి, ప్రతి ఇంటి ముందూ ఆగి రెండు నిమిషాల కథ చెప్పించండి. అహ్మదాబాదులో మునిసిపల్ కార్పొరేషన్ 1997లో పాతబస్తీ "పోళ్ళ" (ఇరుకు సందుల పేటల) గుండా ఇలాంటి నడక మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళకు, 2017లో, ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నడక ఒక్కటే దానికి కారణమని అనను. కానీ తమ గుమ్మం ముందు జనం ఆగి చూస్తున్నారని తెలిస్తే, ఆ గుమ్మాన్ని చూసే కన్ను ఇంటివాళ్ళకూ మారుతుంది.

ఈ పని మిమ్మల్ని కూడా మారుస్తుంది. తొందరపడకుండా వినడం, అడ్డు తగలకుండా ఊరుకోవడం, మీ అభిప్రాయానికి విరుద్ధమైన జ్ఞాపకాన్ని కూడా ఉన్నదున్నట్టు రాయడం అలవాటవుతాయి. మన బతుకులు ఎంతమంది చేతుల మీద నడిచాయో తెలిసొస్తుంది. ఆ ఎరుక ఉన్న మనిషి తన ఇంట్లో పనిచేసేవాళ్ళతో, తన పొరుగువాళ్ళతో వేరుగా మాట్లాడతాడు.

ఈ వారం మీ పని

1. మీరు పుట్టిన లేదా పెరిగిన ఇంటి నక్షాను జ్ఞాపకంనుంచి గీయండి. ప్రతి గదిలో ఎవరుండేవారో రాయండి.
2. ఆ నక్షాను మీ ఇంట్లో అందరికంటే పెద్దవారికి చూపించండి. వాళ్ళు దిద్దినవన్నీ ఎర్ర సిరాతో గుర్తించండి.
3. ఆ ఇంటికి నీళ్ళు ఎవరు మోసేవారో, దొడ్డి గుమ్మంలోంచి ఎవరొచ్చేవారో అడగండి. పేర్లు, పేటలు రాసుకోండి.
4. ఆ పేర్లలో బతికున్నవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో వాకబు చేయండి.
5. వాళ్ళలో ఒకరిని కలిసే రోజు, వేళ ఖాయం చేసుకుని, వెళ్ళినప్పుడు మీరు రాసుకున్న నాలుగు మాటలు చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు. మీ పేట చరిత్రలో రెండో పేజీ ఆ దిద్దుబాట్లతోనే మొదలవుతుంది.